పగడాల వాడకట్టు చిన్నన్నకు శనార్తులు



పొక్కలోంచి మొహం ఒక్కటే బయట పెట్టి, ఒంటినంతా రాయి కడుపులో దాచుకొని, వచ్చేటోళ్లను పోయేటోళ్లను చూసుకుంట కూర్చున్న వేలెడంత చేపా, నీకు శనార్తి. జగిత్యాల మార్కెట్లో నిన్ను తక్కెట్లో వేసినోడు లేడు. కోరుట్లలో నిన్ను పులుసు పెట్టినామె లేదు. సిరిసిల్ల పిల్లలు మానేరు గుంతల్లో గాలమేసి పట్టింది నిన్ను కాదు. నువ్వు ఉప్పునీళ్ల జీవివి. పగడపు దిబ్బల వాడకట్టులో ఉంటవు, అదీ అరబ్బుల సముద్రంలో. పుస్తకాల్లో నీ పేరు ఎక్సీనియస్ పుల్కర్. దాదాపు 400 జాతులున్న బ్లెన్నీల కులం నీది. 1887లో ముర్రే అనే దొర నిన్ను మొదటిసారి కాగితం మీదికి ఎక్కించిండు. నూరేండ్లు దాటినంక, 1988లో, అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం పండితుడు విక్టర్ స్ప్రింగర్ నీ ఇంటిపేరు వాళ్లందరినీ ఒక్కదగ్గర చేర్చి, ఎవరికెవరు ఏమైతరో వరుసలు కలిపి పెద్ద పుస్తకమే రాసిండు. అంత చిన్నోనికి అంత పెద్ద వంశవృక్షం.

అయినా నీ మీద ఒక స్తుతి పుడితే అది మా దిక్కు నుంచే పుట్టాలె. ఎందుకో చెప్తా.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. పాత కరీంనగర్ జిల్లాలో బతుకుదెరువుకున్న మూడు దారులను మావోళ్లు ఇట్లా ఒక్క ఊపిరిలో చెప్తరు. మూడో దారి గురించి మస్తు రాసిండ్రు. ఏజెంటు మోసాలు రాసిండ్రు, ఎడారిలో గొర్లు కాసిన కష్టం రాసిండ్రు, విమానంలో వచ్చిన శవపేటికల గురించి రాసిండ్రు. రాయవలసినవే. కానీ ఆ రాతల్లో ఇసుక ఎక్కువ, సముద్రం తక్కువ. 1970ల సంది జగిత్యాల మనిషి, కోరుట్ల మనిషి, సిరిసిల్ల మనిషి ఆ సముద్రపు ఒడ్డునే ఇనుము వంచుతున్నరు, సిమెంటు కలుపుతున్నరు, పైపులు దించుతున్నరు. పక్కన నీళ్లల్లో ఎవరుంటరో అడగలేదు. అడిగే తీరిక ఎవరిచ్చిండ్రు గనుక? తెల్లారకముందే క్యాంపు గేటు కాడ బస్సు, పొద్దూకినంక అదే బస్సు, రూములో పైన ఒకరు కింద ఒకరు పడుకునే ఇనుప మంచాలు. పతాక, అంటే అక్కడి గుర్తింపు కార్డు, చేతిలో ఉన్నోనికే నిద్ర సరిగ్గ పట్టదు, కంపెనీ విడిచి కాగితాలు లేకుండ ఖల్లివెల్లి అయినోని సంగతి చెప్పేదేమున్నది. చేపను చూసే కండ్లు ఎక్కడివి?

యాభై ఏండ్ల పొరుగుకు ఒక పలకరింపు బాకీ ఉన్నది. అది తీరుస్తున్న.

ముందుగాల నీ మొహం. తెగ్గోసినట్టు నిట్టనిలువుగా ఉండే మొద్దు మొహం. నెత్తి మీదికి ఉబికి వచ్చిన రెండు కండ్లు. ఒకటి ఆకాశం దిక్కు చూస్తుంటే రెండోది నేల దిక్కు చూడగలదు. ముక్కు రంధ్రాల అంచున సన్నటి పీచులు, గడ్డం గీసుకున్నోడు మరిచిపోయిన నాలుగు వెంట్రుకలంత. కింద, ఈ చెంప నుంచి ఆ చెంప దాకా సాగిన నోరు, దాని మీద మందపాటి పెదవి. నిన్ను చూసినోళ్లంతా నువ్వు నవ్వుతున్నవనే అనుకుంటరు. నువ్వేం నవ్వుతలేవు. నీ నోరే అట్ల ఉన్నది. ఫోటోలు తీసేటోళ్లకు అది చాలు.

ఆ పెదవి చాటున ఉన్నది నీ అసలు పనిముట్టు. లెక్కకు మించిన సన్న పళ్లు, ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా. సిరిసిల్ల సాంచాల మీద పోగుకు పోగు చిక్కుపడకుండా నిలబెట్టే పళ్ల వరుసను దగ్గర నుంచి చూసినోళ్లకు నీ నోరు కొత్తగా అనిపించదు. ఆ పళ్లతో నువ్వు రాతి మీది పాచిని, పాచిలో చిక్కుకున్న చెత్తను గీరుకొని తింటవు. ఒక గీకుడు. ఆగి అటు ఒక చూపు, ఇటు ఒక చూపు. మళ్లీ ఒక గీకుడు. ఎవరి మీదా పడి కొరికేది లేదు, ఎవరి నోటికాడిది గుంజుకునేది లేదు. రాయి మీద మిగిలిందే నీ పళ్లెం.

నీ ఒంటి మీద ఒక్క పొలుసు లేదు. ఉన్నదంతా జిగటే. చేతికి చిక్కితే జారిపోయే ఆ జిగటే నీ అంగీ. చాలా చేపల కడుపులో గాలితిత్తి ఉంటది, దానితోటి నీళ్ల నడుమ తేలి నిలబడుతయి. నీకు అదీ లేదు. ఈదుడు ఆపితివా, కిందికి జారుతవు. జారితే నష్టమేమున్నది, నీ సంసారమంతా కిందనే కదా. గొంతు కింద పుల్లల్లా సన్నగా ఉండే రెండు రెక్కలను నేలకు ఆనించి, మెడ ఎత్తి కూర్చుంటవు. చేప కూర్చునుడు ఎవరన్నా చూసిండ్రా? నువ్వు కూర్చుంటవు. కూర్చొని ఆలోచిస్తున్నట్టే కనపడుతవు.

ఇగ ఇంట్లోకి పోయే తీరు. చాలా చేపలు తల ముందు పెట్టి దూరుతయి. నువ్వు తోక ముందు పెడుతవు. నడుము వంచి, తోక కొసతో పొక్క అంచును తడిమి, ఒక్క జారుడులో వెనక్కి లోపలికి పోయి, మొహం గుమ్మంలో నిలబెడుతవు. వెన్ను ఎప్పుడూ గోడకే, కండ్లెప్పుడూ వాకిలి మీదనే. ఆ పొక్క నువ్వు తవ్వింది కాదు. రాయిని తొలిచే ఆలుచిప్ప చచ్చిపోతే మిగిలిన గుంతనో, పురుగు వదిలేసి పోయిన గొట్టమో. నీ నడుముకు సరిపోయేది దొరికేదాకా వెతుకుతవు, దొరికినంక దాన్ని విడువవు.

రంగులో కూడా నీది ఒక్క మాట మీద నిలిచే తీరు కాదు. ఒకటే జాతిలో ఒంటి నిండా అడ్డచారలున్నోడు ఒకడు, ముందు సగం ముదురుగా తోక దిక్కు లేతగా ఉన్నోడు ఇంకొకడు, ఏ చారా లేకుండా ఒక్కటే ముదురు రంగుతో ఉన్నోడు ఇంకొకడు. ఇద్దరిని పక్కపక్కన పెడితే ఒకే తల్లి పిల్లలంటే నమ్మబుద్ధి కాదు.

నీకు దూరపు చుట్టం లాంటోడు మా దిక్కు కూడా ఒకడున్నడు. ధర్మపురి కాడ గోదావరిలో, ఇసుకలో కడుపు ఆనించి కండ్లు మాత్రం పైకి తేల్చి ఉండే ఇసుక దొంతి. వాడు గోబీల కులపోడు, నీ కులం కాదు. కానీ వాడూ నేల పట్టుకొని బతికేటోడే. వాణ్ని తెలిసిన మనిషికి నిన్ను చూపిస్తే పరిచయం చేయాల్సిన పని లేదు.

నిన్ను అన్నా అని ఎందుకు పిలుస్తున్నానంటే, క్యాంపులో రివాజు అది. వయసుతోటి పని లేదు. ముందుగా వచ్చినోడు అన్న. ఏ దుకాణంలో ఉద్దెర ఇస్తరో, ఏ ఫోర్‌మన్ కాడ నోరు మూసుకోవాల్నో, కొత్తగా దిగినోనికి చెప్పేది ఆ అన్ననే. ఆ లెక్కన చూస్తే గల్ఫుకు నీకంటే ముందు పోయినోడు మావోళ్లల్ల ఎవడున్నడు?

20,000 ఏండ్ల కింద ఆ గల్ఫే లేదు. భూమి మంచు పట్టి ఉన్న కాలం. సముద్రాలు ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగిపోయి ఉన్నయి. సగటున దాదాపు 35 మీటర్ల లోతే ఉన్న ఆ గల్ఫు అడుగంతా అప్పుడు పొడి నేల, టైగ్రిస్ యూఫ్రటీస్ నీళ్లు పారిన లోయ. మంచు కరిగి సముద్రం పొంగి, హార్ముజ్ సందులోంచి మెల్లమెల్లగా లోపలికి నడిచింది. ఇప్పుడున్న ఒడ్డు కాడికి వచ్చి ఆగేసరికి వేల ఏండ్లు పట్టింది. అంటే ఆ నీళ్లల్లో ఇప్పుడున్న పగడం, ఆలుచిప్ప, తాబేలు, నువ్వు, అందరూ బయట నుంచి హార్ముజ్ దాటి లోపలికి వచ్చినోళ్లే. ఆ సముద్రంలో పుట్టు స్థానికుడు అనేటోడు ఒక్కడు లేడు. ఈ సంగతి తెలిసిన కాడ నుంచి నాకు ఆ నీళ్ల మీద ఒక కొత్త గౌరవం కలిగింది. నిన్ను మా కూలీలతో పోల్చి కండ్లు తుడుచుకునే ఆలోచన లేదు నాకు. నీకు వీసా లేదు, అప్పు లేదు, ఊళ్లో తాకట్టు పెట్టిన రెండెకరాలు లేవు. కానీ వలస వచ్చినవన్నది మాత్రం ఉపమానం కాదు. అది నీ చరిత్ర.

మా దిక్కు మనుషులు అటు పోకముందే ఆ సముద్రం మా రాజధానికి వచ్చింది. బస్రా ముత్యాలంటే హైదరాబాదులో ఇప్పటికీ తల తిప్పి చూస్తరు. అవి ఆ గల్ఫు అడుగున, నీ పొరుగున ఉండే ఆలుచిప్పల కడుపు పంటలే. ముక్కుకు క్లిప్పు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని మునిగిన అరబ్బు పేదోళ్లు పైకి తెచ్చినవి. 1930ల నాటికి జపాను సాగు ముత్యం వచ్చి ఆ పని పాడుపడింది. 1958లో అబుదాబి దిక్కు చమురు దొరికింది. అక్కడి నుంచి మిగిలిన కథ మా మండలాల్లో ఏ గడపనడిగినా చెప్తది.

ఆ చమురు పైసలతోటి ఒడ్డులు మారినయి. నీళ్లల్లోకి ఇసుక తోడి పోసి కొత్త నేల తయారు చేసిండ్రు. 2001లో దుబాయిలో మొదలైన పామ్ జుమైరా దానిలో పేరుమోసింది. పోసిన ఇసుక అలలకు కొట్టుకపోకుండా చుట్టూ రాళ్ల కట్టలు పేర్చిండ్రు. హజర్ కొండలను పగలగొట్టి తెచ్చిన బండలు, ఒక్కొక్కటి ఎద్దంత. ఇక్కడ నీకు అబద్ధం చెప్పను చిన్నన్నా. ఆ ఇసుక పోసినప్పుడు కొన్ని అసలైన పగడపు దిబ్బలు దాని కింద పడి పోయినయి. నీ వాడకట్టులు పోయినయి. పూడ్చిన యంత్రాల మీద ఎవరి కంపెనీ పేరు ఉన్నా, స్టీరింగు పట్టిన చేతులు, తాడు గుంజిన చేతులు కూలోళ్లవే. ఆ తీరమంతా జరిగిన కట్టుబడిలో మా మూడు ఊళ్ల చెమట కూడా కలిసే ఉన్నది.

తర్వాత జరిగింది ఎవరూ అనుకోలేదు. కట్టకు పేర్చిన బండల మీద పాచి పట్టింది. పాచి మీద పగడం పిల్ల అంటుకున్నది. ఏండ్లు గడిచినకొద్దీ ఆ బండలు పగడపు తోటలైనయి. న్యూయార్క్ యూనివర్సిటీ అబుదాబి శాఖలో పనిచేసే జాన్ బర్ట్ అనే శాస్త్రవేత్త, తన తోటివాళ్లతోటి కలిసి, దుబాయిలో ఆ కట్టల దగ్గర మునిగి చూసి లెక్కలు రాసిండు. పాత కట్టల మీద పగడమూ చేపలూ దండిగానే ఉన్నయని తేల్చిండు. పగడం చేరిన కాడికి పొక్కలు తొలిచే జీవులు చేరుతయి. అవి తొలిచి, బతికి, చచ్చి, ఖాళీ చేసిన గదుల్లోకి నీలాంటోళ్లు వచ్చి చేరుతరు. కూలోడు పేర్చిన రాయిలో నీకు కిరాయి లేని అర్ర దొరికింది. ఆ రాయిని ఒడ్డు మీద నిలబెట్టినోనికి ఈ సంగతి చెప్పినోళ్లు లేరు. గోడలు, రోడ్లు, మెట్రో స్తంభాలు కట్టినమని చెప్పుకునే మావోళ్లు, చేపకు ఇల్లు కట్టినమని కూడా చెప్పుకోవచ్చు. ఆ మాటకు సాక్షి నీ మొహమే.

కానీ ఏం ఎండన్నా అది!

ఎండకాలంలో ఆ నీళ్లు 35 డిగ్రీలు దాటుతయి. చలికాలం వస్తే 20 కిందికి పడుతయి. ఉప్పు మామూలు సముద్రం కంటే ఎక్కువ. ఎండకు నీళ్లు ఆవిరైతయి, లోపలికి వచ్చే నది నీళ్లు తక్కువ, హార్ముజ్ సందు ఇరుకు. ప్రపంచంలో పగడపు దిబ్బలున్న నీళ్లల్లో ఇంత కాగేవి వేరే లేవు. ఒడ్డు మీద జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పగటిపూట పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించొద్దని ఎమిరేట్స్ ప్రభుత్వం కాయిదా పెట్టింది. నీళ్లల్లో ఆ కాయిదా లేదు. చేప రక్తానికి తన వేడి అంటూ ఉండదు. నీళ్లు కాగితే ఒళ్లు కాగుతది. ఒళ్లు కాగితే ఖర్చు పెరుగుతది. ఊరికే కూర్చున్నా కడుపు ఎక్కువ అడుగుతది.

2020లో సైమన్ బ్రాండల్ అనే శాస్త్రవేత్త, జాన్ బర్ట్, ఇంకా వాళ్లతోటి పనిచేసినోళ్లు నీలాంటి చిన్న చేపల మీద ఒక అధ్యయనం అచ్చు వేసిండ్రు. ఆ పని ఎట్ల చేస్తరో చెప్పితీరాలె, ఎందుకంటే నిన్ను లెక్కపెట్టుడు మామూలు ముచ్చట కాదు. మనిషి మునిగి వస్తుంటేనే నువ్వు గుమ్మంలోంచి మాయమైతవు. అందుకని దిబ్బలో ఒక చిన్న ముక్క మీద సన్న కండ్ల వలను గుడారం లెక్క కప్పుతరు. దాని కిందికి లవంగ నూనె వదులుతరు. పంటినొప్పికి మన ముసలోళ్లు దూదిలో ముంచి పెట్టుకునేది, అదే నూనె. ఆ మత్తుకు పొక్కల్లో దాగిన చిన్నోళ్లంతా తూలుకుంట బయటికి వస్తరు. ఒక్కొక్కరిని ఏరి, కొలిచి, తూచి, కడుపులో ఏమున్నదో చూస్తరు.

వాళ్లు రెండు సముద్రాలను పక్కపక్కన పెట్టి చూసిండ్రు. ఒకటి హార్ముజ్ లోపలి గల్ఫు. ఇంకొకటి హార్ముజ్ బయట, ఫుజైరా దిక్కున్న ఒమన్ గల్ఫు, కొంచెం చల్లనిది, కొంచెం దయగలది. నడుమ మోటారు మీద పోతే రెండు గంటల తొవ్వ. రెండు దిక్కులా పగడం దాదాపు ఒక్క తీరుగనే ఉన్నది. చిన్న చేపలు మాత్రం ఒక్క తీరుగ లేవు. లోపలి గల్ఫులో జాతులు సగమే. మందిని లెక్కపెడితే బయటి గల్ఫులో ఉన్నదాంట్లో నాలుగో వంతు కూడా లేరు.

ఎందుకు? వేడికి తట్టుకోలేక చచ్చిండ్రని ఎవరైనా అనుకుంటరు. నేనూ అదే అనుకున్న. కానీ కొలిచి చూస్తే, ఆ వేడిని ఓర్చుకునే సత్తా ఆ చేపలకు చాలావరకు ఉన్నదని తేలింది. అసలు దెబ్బ వేరే కాడ తగిలింది. అంత వేడికి, అంత చలికి ఒళ్లును సర్దుకోవడానికే తిన్నదంతా ఖర్చైపోతది. తినడానికి దొరికేది కూడా బయటి సముద్రంలో దొరికే తిండి కాదు, వేరే తీరుది. రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ. ప్రాణం పోదు, కానీ ఒంటికి పట్టేది, పిల్లలకు మిగిలేది ఉండదు. వాళ్ల రాతలో ఆ ముచ్చట దగ్గర నాకు శానాసేపు చదువు ముందుకు సాగలేదు. నెలనెలా పంపిన పైసలు మిత్తికే పోయి అసలు అట్లనే నిలిచిన ఇండ్లు మా దిక్కు ఎన్ని లేవు?

అయినా లోపలి గల్ఫులో నువ్వున్నవు. సగం జాతులు రాలేకపోయిన కాడ, వచ్చి నిలబడలేకపోయిన కాడ, రాయి మీది పాచిని గీరుకుంట నువ్వు ఉన్నవు. ఆ ఉండుడుకే నా దండం. ఇంకే మహిమా అడగను.

నీ సంసారం సంగతి మా ఊళ్లల్లో చెప్తే నవ్వుతరో, తలొంచుకుంటరో తెల్వదు. మీ కులంలో ఆడది పొక్కలోకి వచ్చి గుడ్లు పెట్టి తన తొవ్వన తాను పోతది. మగోడు ఉంటడు. గోడలకు అంటిన ఆ గుడ్ల కాపలా వానిదే. రెక్కలతోటి నీళ్లు విసిరి విసిరి గుడ్లకు గాలి ఆడేటట్టు చేస్తడు, చెడినదాన్ని ఏరేస్తడు, దగ్గరికొచ్చినోని మీదికి తనకంటే పదింతలున్నా ఉరుకుతడు. మీ చుట్టాల్లో కొందరికైతే తోక దిక్కు రెక్క కాడ గ్రంథులున్నయి. వాటి జిగటను గుడ్లకు రాసి, బూజు పట్టకుండా కాపాడుతరు. ఇల్లు విడిచి పోకుండా పిల్లల్ని కనిపెట్టుకొని ఉండే తండ్రి. కోరుట్లలో, మెట్‌పల్లిలో బీడీలు చుట్టుకుంట తల్లి ఒక్కతే పెంచిన పిల్లలు వేలల్లో ఉన్నరు. తండ్రి వాళ్లకు ఫోన్లో, ఇమో వీడియోలో కనిపించే మొహం. అది కూడా ఒక చిన్న సందులోంచి బయటికి చూసే మొహమే. ఇంతకంటే ఆ మాట సాగదీయను.

నీ బంధుగణంలో వేషగాళ్లు కూడా ఉన్నరని చెప్పకుంటే స్తుతి నిండదు. జెద్దా, యన్బు దిక్కున్న ఎర్ర సముద్రంలో మూడు బ్లెన్నీలు అచ్చం ఒక్కతీరుగ ఉంటయి. ముందు నీలిబూడిద రంగు, వెనుక పసుపు, నడుమ నల్ల గీత. మొదటిది మెయాకాంథస్. దాని కింది దవడలో గాడి తీసిన రెండు కోరలు, కోరల మొదట్లో విషం. రెండోది నీ సొంత ఇంటిపేరోడు, ఎక్సీనియస్ గ్రావియరీ. విషమూ లేదు, కోపమూ లేదు, పాచి తినేటోడే. కానీ కోరలున్నోని అంగీ తొడుక్కొని ధీమాగా తిరుగుతడు. మూడోది ప్లాజియోట్రీమస్. అదీ అదే వేషంలో వచ్చి, పక్క నుంచి పోయే చేపల చర్మం ఒక ముక్క కొరుక్కొని పారిపోతది. స్ప్రింగర్, ఆయన తోటి స్మిత్ వానిజ్ 1972లోనే ఈ ముగ్గురి నాటకాన్ని పుస్తకానికి ఎక్కించిండ్రు. అదే ఏడు లోసీ అనే ఆయన పసిఫిక్‌లోని ఇంకో కోరల బ్లెన్నీని పెద్ద చేపల ముందు వదిలి చూసిండు. మింగిన చేప, నోట్లో కాటు పడంగనే నోరు పెద్దగా తెరిచి, దవడలు వణికించుకుంట, దాన్ని బయటికి ఉమ్మేసింది. కాటేసినోడు ఏమీ కానట్టు ఈదుకుంట పోయిండు. ఆ విషంలో ఏమున్నదో 2017లో తేలింది. నల్లమందు గుణమున్న పదార్థాలు ఉన్నయి. ఎలుకలకు ఎక్కిస్తే వాటి రక్తపోటు మూడో వంతుకు పైగా పడిపోయింది. మంట పెట్టుడు కంటే ముందు తల తిప్పుడు. మెత్తటి చిన్నోనికి ఎంత తెలివైన ఆయుధం.

నీకు ఆ కోరలు లేవు. నిన్ను తింటరు. తినుడు మామూలుగా కాదు. బ్రాండల్ బృందం 2019లో చెప్పిన లెక్క ప్రకారం, పగడపు దిబ్బ మీద చేపల నుంచి చేపలకు చేరే మాంసంలో 60 శాతం దాకా నీలాంటి పొక్కల చిన్నోళ్లదే. పెద్ద చేపల ఫోటోలు గోడలకు ఎక్కుతయి, వాటి కడుపులు నింపినోళ్ల ఫోటో ఎక్కడా ఉండదు. మరి అంతమందిని తింటే మీరు మిగిలేదెట్ల? మీ పిల్లలే జవాబు. గుడ్డు పగలంగనే కంటికి ఆనని పిల్లలు నీళ్లల్లోకి తేలి పోతరు. అలలతోటి వారాల తరబడి తిరిగి, బతికినోళ్లు మళ్లీ ఏదో ఒక దిబ్బ మీద దిగుతరు. దిబ్బ చుట్టూ తిరిగే చేపపిల్లల్లో పొక్కల చిన్నోళ్ల పిల్లలే ఎక్కువ. ఒకడు పోయిన పొక్క శానాసేపు ఖాళీగ ఉండదు.

2017 ఎండకాలం మాత్రం చెడ్డది. గాలి నిలిచింది, నీళ్లు కాగినయి, దక్షిణ గల్ఫులో పగడం తెల్లగా పాలిపోయింది. అబుదాబి దిక్కు కొలిచిన దిబ్బల మీద మూడింట రెండు వంతుల పగడం ఆ దెబ్బకు చచ్చిపోయింది. అదే ఏడు నవంబరులో, అదే తీరాన, సాదియత్ దీవి మీద లూవ్ర్ అబుదాబి మ్యూజియం తలుపులు తెరిచిండ్రు. దాని గుమ్మటం వెలుతురు జల్లెడను మెచ్చుకుంట పత్రికలన్నీ రాసినయి. నీళ్లల్లో పోయిన దాని గురించి శాస్త్రవేత్తలు ఒక వ్యాసం రాసుకున్నరు. చచ్చిన పగడానికి కూడా పొక్కలుంటయి, నీకు వెంటనే ఇల్లు పోదు. కానీ చచ్చిన పగడం ఏండ్లకేండ్లు అరిగి, నలిగి, సదునుగా అయిపోతది. నీకు కావల్సింది గరుకు, గుంతలు, సందులు.

కొండగట్టు అంజన్నకు, ధర్మపురి నరసన్నకు చదివే స్తోత్రాలకు చివర ఫలశ్రుతి ఉంటది. చదివినోనికి సంతానం, విన్నోనికి సంపద. దుబాయి నుంచి సెలవు మీద వచ్చినోళ్లు వేములవాడలో కోడెను కట్టి మొక్కు తీర్చుకునేదీ ఏదో ఒక ఫలం కోసమే. నీ స్తుతికి నేను ఏం ఫలం చెప్పను? దీన్ని చదివితే వీసా రాదు. మిత్తి తగ్గదు. ఏజెంటు తిన్న పైసలు వాపసు రావు. ఒక్కటే చెప్పగలను. సెలవు నాడు ఒడ్డున కట్ట మీద కూర్చొని ఇంటికి ఫోను కలిపే మా తమ్ముళ్లెవరన్నా, నీళ్లు తేటగా ఉండి సిగ్నలు అందకుంటే, చేతి కిందున్న బండ సందుల్లోకి ఒకసారి తొంగి చూడుండ్రి. వేలు పట్టేంత పొక్కలో వెడల్పాటి నోరు, పైకి ఉబికిన కండ్లు కనపడితే తొందరపడి చెయ్యి పెట్టకుండ్రి, వెనక్కి పోతడు. పాచి తింటుండొచ్చు, పిల్లలను కాస్తుండొచ్చు. మనకంటే చానా ముందు హార్ముజ్ దాటి వచ్చినోని వంశం అది. ఫోను కలిసినంక ఇంటోళ్లకు కూడా చెప్పుండ్రి, ఈడ ఒక అన్న ఉన్నడని.